మీ వాట్సాప్‌లోనే ఉంది రేపటి వీడియో

(నల్లగొండలో చేతివృత్తుల కుటుంబాల యువతీ యువకులకు, మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో కొందరి ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, వాట్సాప్ స్టేటస్‌లు నిన్న కూర్చుని చూశాను. పేర్లు చెప్పను, భయపడకండి. దాదాపు అందరిదీ ఒకటే వరస. పేజీ తెరిచిన మొదటి వారం పది చీరల ఫొటోలు. రెండో వారం మళ్లీ అవే చీరలు, ఈసారి గులాబీ పూల బార్డర్ పెట్టి. ఆ తర్వాత ‘శుభోదయం’. ఆ తర్వాత సంక్రాంతి శుభాకాంక్షలు. ఆ పైన ఏమీ లేదు. (నవ్వులు)

అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే. ‘అక్కా, ఏం పెట్టాలో తోచడం లేదు.’

నేను నేత ఇంట్లో పుట్టినదాన్ని. ఇప్పుడు మా ఇంటి సరుకుతో పాటు చుట్టుపక్కల నాలుగైదు కుటుంబాల సరుకు కూడా ఆన్‌లైన్‌లో నేనే అమ్ముతాను. నాకూ అలా తోచని రోజులు ఉంటాయి. అలాంటి రోజు నేను ఇన్‌స్టాగ్రామ్ తెరవను. అక్కడ ఎవరో డాన్స్ చేస్తుంటారు, ఇంకెవరో సినిమా డైలాగుకు పెదవులు కదుపుతుంటారు. అది చూస్తే మనమూ అలా చేయాలేమో అని టెన్షన్ తప్ప ఒక్క ఆలోచన రాదు. నేను తెరిచేది వాట్సాప్. పాత చాట్‌లు. కొన్నవాళ్లవి, కొంటామని కొననివాళ్లవి, ధర అడిగి మాయమైనవాళ్లవి. వాళ్లు ఏం అడిగారో ఆ మాటలు ఆ మాటలుగానే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

మీ ఫోన్‌లోనూ ఉంటాయి. ‘ఇది ప్రింటా, నేసిందా?’ ‘రంగు పోతుందా?’ ‘రెండు వైపులా ఒకేలా ఉందేంటి, ఏది పైన కట్టాలి?’ ‘డిజైన్ అంచులు మసకగా ఉన్నాయి, డ్యామేజీనా?’ ‘అమీర్‌పేటలో ఇలాంటిదే ఎనిమిది వందలకు ఇస్తున్నారు కదా?’ ఇవన్నీ మనం రోజూ వినేవే. ప్రతి ఒక్కరికీ వేరేవేరేగా, వాయిస్ మెసేజ్‌లో, వంట చేస్తూ సమాధానం చెప్తాం. చెప్పింది ఆ ఒక్క మనిషి ఫోన్‌లోనే ఉండిపోతుంది. రేపు ఇంకొకరు అడుగుతారు, మళ్లీ మొదటి నుంచి చెప్తాం.

ఒక్కసారి వీడియో తీసి పెట్టుకుంటే అడిగిన ప్రతివాళ్లకూ ఆ లింకే పంపొచ్చు. ఒకరు అడిగారంటే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయినవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. ఆ వీడియో వాళ్లకు కూడా.

‘అంచులు మసకగా ఉన్నాయి’ అనే ప్రశ్ననే తీసుకుందాం. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. ఇక్కత్‌లో డిజైన్ గుడ్డ మీద వేయరు. నేయకముందే నూలును అక్కడక్కడా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కడతారు, దాన్నే చిటికి కట్టడం అంటాం. తర్వాత రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు అంటదు. అలా నూలు మీదే డిజైన్ తయారై, తర్వాత మగ్గం ఎక్కుతుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే పువ్వు అంచు కత్తిరించినట్టు ఉండదు, కొంచెం ఈకలు ఈకలుగా ఉంటుంది. డ్యామేజీ అని కస్టమర్ అడిగింది చూడండి, నేసిన ఇక్కత్ అని గుర్తుపట్టేది దాంతోనే. ప్రింట్ చేసిన గుడ్డ తిప్పి చూస్తే వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. నేసినదానికి ముందూ వెనకా తేడా దాదాపు తెలియదు. ఒక చేతిలో ప్రింట్ గుడ్డ, ఇంకో చేతిలో మన గుడ్డ. రెండూ తిప్పండి. నలభై సెకన్లు చాలు. ‘పోచంపల్లి చీర ప్రింటా, నేసిందా, ఎలా గుర్తుపట్టాలి?’ అని పేరు పెట్టండి. జనం వెతికేటప్పుడు టైప్ చేసేది కూడా ఇంచుమించు ఆ మాటలే.

దీన్ని స్టేటస్‌లో మాత్రమే పెట్టి వదిలేయకండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. ఇలాంటి ప్రశ్న వీడియో యూట్యూబ్‌లో పెట్టండి, వచ్చే ఏడాది వెతికినవాళ్లకు కూడా దొరుకుతుంది. కొత్త డిజైన్ వచ్చింది, రెండే చీరలు ఉన్నాయి అనేది స్టేటస్‌లో పెట్టేది. ఏది ఎక్కడ పెట్టాలో ఈ తేడా తెలిస్తే చాలు, మిగతా లెక్కలన్నీ నెమ్మదిగా వస్తాయి.

ఇక ధర. ఈ ప్రశ్న వస్తే మనకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. కోపం వచ్చినప్పుడు మనం రాసేది ఏంటంటే, ‘ఎంతో శ్రమతో, ఎంతో ప్రేమతో నేసిన చీర’. ఈ వాక్యం రాయనివాడు లేడు. మిల్లు గుడ్డ అమ్మేవాడు కూడా ఇదే రాస్తున్నాడు. శ్రమ అని రాస్తే ఎవరికీ కనపడదు, ఒక్క పని చూపించండి.

ఆసు పోయడం చూపించండి, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకులకు చుట్టి వరసగా పెట్టుకోవడం. మీ ఇంట్లో అమ్మో, అత్తమ్మో పోస్తుంటుంది కదా. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం ముందు కూర్చుని, ఒక్కో మేకు చుట్టూ పోగు తిప్పుతూ చెయ్యి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఒక చీరకే వేల సార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మనకు ఊరూరా తెలిసిన సంగతే. బెంగళూరులో చీర కొనే ఆమెకు ఆసు అనే పని ఒకటి ఉందని కూడా తెలియదు. మీ ఇంట్లో యంత్రం ఉంటే యంత్రం చూపించండి, దాచాల్సిన పనేం లేదు. యంత్రం పోసేది ఆసు మాత్రమే, నేసేది చేతులే అని చెప్పండి. చేతి ఆసు పక్కన యంత్రం ఆసు పెట్టి తీస్తే అదే ఇంకో వీడియో.

మనం రోజూ చేసే పని మనకు చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. అక్కడే ఆగిపోతున్నాం. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. హైదరాబాద్ నుంచి సెలవు రోజుల్లో కార్లు వస్తూనే ఉంటాయి. ఈసారి వాళ్లు మీ ఇంటికి వస్తే మీరు చీరలు పరచడం కాసేపు ఆపి, వాళ్లు ఫోన్ ఎప్పుడు బయటికి తీస్తున్నారో చూడండి. మడత పెట్టిన చీరల దగ్గర తీయరు. రంగులో ముంచిన నూలు పిండుతుంటే తీస్తారు. చిటికి విప్పుతుంటే తీస్తారు. సైకిల్ ట్యూబు ముక్కలు అలా ఊడుతుంటే లోపల నుంచి తెల్లటి చోటు బయటపడుతుంది చూడండి, అక్కడ పిల్లలు కూడా అరుస్తారు. గుంత మగ్గంలో కాళ్లు ఎక్కడ పెట్టారా అని వంగి చూస్తారు. వాళ్ల ఫోన్ ఎక్కడ లేచిందో మీ ఫోన్ కూడా అక్కడే లేవాలి.

పాలమూరు వైపు నుంచి ఎవరొచ్చారు? గద్వాల? సరే, చేతులు ఎత్తారు. గద్వాల చీర గురించి నన్ను ఎక్కువమంది అడిగేది, ‘అంచు వేరే గుడ్డ తెచ్చి కుట్టారా?’ అని. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు కదా, చూసేవాళ్లకు అతికించినట్టే అనిపిస్తుంది. మగ్గం మీదే అంచు పేక, ఒంటి పేక, అంటే అడ్డంగా నేసే పోగులు, ఒకదానిలో ఒకటి మెలిపడి కలుస్తాయని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఫోన్ ఆ కలిసే చోటికి దగ్గరగా పెట్టండి. పేకను అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు మూడూ ఆడేది చూపించండి. ఇద్దరు కూర్చుని నేస్తుంటే ఇద్దరి చేతులూ కనపడాలి. ఆ తర్వాత చీర తిప్పి, వెనక సూది కుట్టు లేదని వేలితో చూపించండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు. నారాయణపేట వాళ్లకు వచ్చే ప్రశ్న వేరు. ‘రోజూ కట్టుకోవచ్చా, గంజి పెట్టాలా, ఇస్త్రీ లేకుండా నడుస్తుందా?’ టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు అడుగుతారు. వాళ్లకు మగ్గం చూపిస్తే ఎంత, చూపించకపోతే ఎంత! ఒక టీచరమ్మ పొద్దున కట్టుకుని సాయంత్రం బడి నుంచి వచ్చాక ఆ చీర ఎలా ఉందో చూపిస్తే సరిపోతుంది. ఆమెను అడిగి తీయండి, అడగకుండా తీయొద్దు.

పుట్టపాక తేలియా రుమాలు అమ్మే తమ్ముడు ఒకరు పొద్దున అడిగాడు, ‘వాసన వస్తుందని కస్టమర్ కంప్లయింట్ చేసింది, ఏం చెప్పాలి?’ అని. తమ్ముడూ, ఆ కంప్లయింటే నీకు వీడియో. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి తీస్తేనే కదా దాన్ని తేలియా అన్నది. ఆ నూనె వాసన ఎక్కడి నుంచి వచ్చిందో, నీడన ఆరేస్తే ఎంత తగ్గుతుందో చెప్పు. ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయేవని చెప్పు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగులు ఎందుకు తక్కువో ఇంకో రోజు చెప్పు. వాసన సంగతి ముందే చెప్పి అమ్మితే తిప్పి పంపేవాళ్లు తగ్గుతారు.

నేత గురించే చెప్తున్నానని మిగతావాళ్లు అనుకుంటున్నారు, చూస్తున్నాను. మక్తల్ వైపు గొంగడి నేసే కురుమ కుటుంబాల వాళ్లు వచ్చారు. మీకు వచ్చే మొదటి ప్రశ్న ‘గుచ్చుకుంటుందా?’ అని. గుచ్చుకుంటుంది. అవునని చెప్పండి. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని మెత్తటి శాలువాలా ఉండదు, వానలో కప్పుకోవడానికి, కింద పరుచుకోవడానికి చేసింది. నేసే ముందు ఉన్ని దారానికి చింతగింజల గంజి ఎందుకు పెడతారో చూపించండి. గొర్రెల ఉన్ని కత్తిరించే రోజు తప్పకుండా తీయండి, ఆ రోజు మళ్లీ నెలలు గడిస్తే గానీ రాదు.

కుమ్మరి ఇళ్ల వాళ్లకు ప్రశ్నలకు కొదవే లేదు. ‘కొత్త కుండ పొయ్యి మీద పెడితే పగులుతుందా?’ ‘గ్యాస్ మీద పెట్టొచ్చా?’ ‘లోపల సబ్బుతో కడగొచ్చా?’ కుండ అమ్మేటప్పుడు నీళ్లలో నానబెట్టమని, మొదట గంజి కాచమని అమ్మమ్మలు నోటితోనే చెప్పేవాళ్లు. ఇప్పుడు పట్నంలో కొన్న కోడలికి చెప్పేవాళ్లు లేరు. అది మీరే చెప్పాలి, అమ్మకముందూ చెప్పాలి, అమ్మాకా చెప్పాలి. పగిలిన కుండకు డబ్బులు వాపసు ఇవ్వడం కంటే ఆ వీడియో చౌక.

దేవరకొండ తండాల నుంచి వచ్చిన అక్కలు అద్దాల పని, గవ్వల పని చేస్తారు. మీ దగ్గర బ్యాగు కొన్నవాళ్లు దాన్ని ఏ డ్రెస్ మీద వేసుకోవాలో అడుగుతారు. ఇది మగవాళ్లకు అర్థం కాని ప్రశ్న. (నవ్వులు) ఒకే బ్యాగు, మూడు రకాల బట్టలు, మీ ఇంట్లో అమ్మాయే వేసుకుని చూపించాలి. అంతకంటే ఏం అక్కర్లేదు.

పండగల గురించి ఒక మాట. అందరూ పండగ రోజు శుభాకాంక్షలు పెడతారు. ఆ రోజు ఎవరూ ఏమీ కొనరు, అందరి ఫోన్లూ అవే బొమ్మలతో నిండిపోతాయి. బతుకమ్మకు కట్టుకునే చీర ఎప్పుడు కొంటారు? పండగకు మూడు నాలుగు వారాల ముందు. మనం నేయాలంటే ఇంకా ముందే పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గం ఎక్కాలి. అంటే శ్రావణం మొదట్లోనే ‘బతుకమ్మకు ఏ రంగులు వేయమంటారు?’ అని నాలుగు నూలు రంగులు పెట్టి అడగండి. వాళ్లు చెప్పిన రంగు వేయండి. తర్వాత ఆ రంగు అద్దేది చూపించండి, మగ్గం ఎక్కాక చూపించండి. అడిగినవాళ్లు తమ చీర వస్తోందని చూస్తుంటారు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 1905లో అదే రోజు స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు పేపర్ల వాళ్లు, కాలేజీల వాళ్లు మగ్గాల కోసం వెతుకుతారు. ఆ వారం మీ పేజీలో గులాబీ పూలు ఉండకూడదు, మీ ఊరి మగ్గం ఉండాలి.

మన జిల్లాల్లో వృత్తులకు దేవుడి దగ్గరే చోటు ఉంది. పాలమూరు వైపు కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం చూడండి. ఉద్దాలు అంటే స్వామి పాదరక్షలు, అవి వడ్డెమాన్‌లో తయారవుతాయి, తోలు పని చేసేవాళ్లే నిష్ఠగా చేస్తారు. వేలమంది ఆ ఉద్దాల వెంట నడుస్తారు. తోలు చెప్పులు చేసి అమ్మే కుటుంబం అటువైపు ఎవరైనా ఉంటే, జాతర నాటికి ఆ పని ఎలా జరుగుతుందో చెప్పడానికి వాళ్ల కంటే హక్కున్నవాళ్లు ఎవరు? కాకపోతే అక్కడ పద్ధతులు ఉంటాయి, పెద్దలను అడిగి, తీయమన్నదే తీయండి. అమ్మకం మాట ఆ వీడియోలో వద్దు.

తీయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. కొత్త డిజైన్ మగ్గం మీద ఉండగా పూర్తిగా చూపించకండి. మీ చీర కొనేవాళ్ల చేతికి చేరేలోపే అది ప్రింట్ అయి బజారుకు వచ్చేస్తుంది. మొదటి విడత సరుకు బయటికి వెళ్లాక చూపించండి, అప్పటిదాకా ఒక మూల, ఒక రంగు చాలు. పక్క ఊరి చీర ఫొటో మన పేజీలో పెట్టొద్దు. పవర్‌లూమ్ గుడ్డను చేనేత అనొద్దు. ప్రింట్ అమ్ముతుంటే ప్రింట్ అనే రాయండి, ప్రింట్ కొనేవాళ్లూ ఉన్నారు, తప్పేం లేదు. ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టప్రకారం ఇచ్చే జీఐ గుర్తింపు దేశంలో మొదట్లోనే పొందిన వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి, తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ పేరు మనకు అక్కరకు రావాలంటే మనమే దాన్ని పలచన చేయకూడదు. చేనేత అని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ లేబుళ్లు ఉంటే ఆ లేబుల్ ఏం చెప్తుందో, ఎక్కడ కుడతారో చూపించండి. ఇంకొకటి, కస్టమర్ మెచ్చుకున్న చాట్ స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు వాళ్ల నంబరు, ఫొటో కప్పేయండి. చాలామంది మరిచిపోతున్నారు.

ఏవైనా అడుగుతారా?

*(సభ నుంచి ఒకరు: రెండు చేతులూ మగ్గం మీదే ఉంటాయి, వీడియో ఎప్పుడు తీయాలి మేడమ్?)*

మేడమ్ వద్దు, అక్కా అనండి. మంచి ప్రశ్న. రోజూ పెట్టాలని ఎవరు చెప్పారు మీకు? వారానికి రెండు చాలు. పని ఆపి తీయాల్సిన పని లేదు. ఒక పడుగు తయారై చీరలు దిగేదాకా ఎన్ని మెట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నూలు తెచ్చిన రోజు, ఆసు, చిటికి కట్టేది, రంగు, చిటికి విప్పేది, ఆరేసింది, అచ్చు అతికేది (పాత పడుగు కొసలకు కొత్త పోగులు కలిపేది), నాడెలో పెట్టే కండెలు చుట్టేది, మొదటి జానెడు గుడ్డ, చివర్న కోసేది. ఏ మెట్టు దగ్గర ఉంటే దాన్ని నిమిషం తీసి పెట్టుకోండి. స్టాండు లేకపోతే మగ్గం కర్రకు కట్టేయండి. కిటికీ వెలుతురు ముఖం మీద కంటే చేతుల మీద పడేలా చూసుకోండి. బడి నుంచి వచ్చే పిల్లలకు ఫోన్ ఇస్తే మనకంటే బాగా తీస్తారు. సినిమా పాట పెట్టకండి. బిజినెస్ ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా పాటలు రావు కూడా. మగ్గం చప్పుడే వదిలేయండి, ఆ చప్పుడు కోసమే చూసేవాళ్లు ఉన్నారు.

*(ఇంకొకరు: తెలుగులో మాట్లాడాలా, హిందీలోనా? మా భాష చూసి నవ్వుతారేమో.)*

మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. ‘గిట్ల కడ్తం, గట్ల ఇప్పుతం’ అంటే అందరికీ అర్థమవుతుంది. పుస్తకం భాష మాట్లాడబోతే మధ్యలో ఆగిపోతారు, అది వీడియోలో తెలిసిపోతుంది. బయటి రాష్ట్రాల వాళ్లకు కింద ఇంగ్లీషులో రెండు లైన్లు రాయించండి, కాలేజీ పిల్లలు రాసిస్తారు. నవ్వేవాళ్లు నవ్వుతారు, వాళ్లు ఎలాగూ కొనరు.

*(ఒక యువతి: నాకు మూడు వందల మందే ఫాలోవర్లు. ఎన్ని పెట్టినా లైకులు రావడం లేదు.)*

చెల్లీ, లైకులు మన వదిన, మరిది, పక్కింటి వాళ్లు కొడతారు. వాళ్లు చీర కొంటారా? నోట్‌బుక్‌లో రెండో పేజీ తెరువు. ఏ వీడియో పెట్టిన తర్వాత ఎంతమంది ధర అడిగారు, ఎవరు కొన్నారు, అది మాత్రమే రాయి. కొత్తగా అడిగినవాళ్లను ‘మమ్మల్ని ఎక్కడ చూశారు?’ అని అడుగు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పంపితే నీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది కాబట్టి, కొన్న ప్రతివాళ్లనూ నంబర్ సేవ్ చేసుకోమని పార్సిల్‌లో చీటీ పెట్టు. రెండు నెలలు రాస్తే, ధర అడిగించిన వీడియో ఏదో నీకే కనపడుతుంది. అదే ప్రశ్నను వేరే చీరతో మళ్లీ తియ్యి. లైకులు ఎక్కువ వచ్చి ఎవరూ ఏమీ అడగనిది మళ్లీ తీయకు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. వాట్సాప్ తెరిచి, వెనక్కి వెళ్లి, కస్టమర్లు అడిగిన ప్రశ్నలు ఐదు ఈ చీటీల మీద రాయండి. వాళ్ల మాటల్లోనే రాయండి, మీ మాటల్లోకి మార్చకండి. పెన్ను లేనివాళ్లు చెయ్యి ఎత్తండి.